అటకెక్కిన గోల్స్

అప్రైజల్ సీజన్ అంటే మనవాళ్ళకి ఎంసెట్ రిజల్ట్స్ లాంటిదే. పోయినేడాది ఆ ఫారం తెరిచి చూద్దును కదా, ఐదు నెలలు ఒళ్ళు హూనం చేసుకుని చేసిన మైగ్రేషన్ తాలూకు గోల్ మాయం! ఆరా తీస్తే తేలిందేంటంటే, టీములు మారినప్పుడు పాత మేనేజరు దాన్ని ఆర్కైవ్ చేసి వెళ్ళిపోయాడట. "డిలీట్ కాలేదులే, అడ్మిన్‌ని అడిగితే రిస్టోర్ చేస్తారు" అన్నాడు పక్క సీటాయన.

చేశారు కూడా. కానీ ఆ రెండు రోజుల ఎదురుచూపుల్లో ఓ అనుమానం పట్టుకుంది. ఇంతకీ నా గోల్ నాదా, కంపెనీదా?

కాస్త వెనక్కెళ్దాం. 1954లో పీటర్ డ్రక్కర్ 'ది ప్రాక్టీస్ ఆఫ్ మేనేజ్‌మెంట్' పుస్తకంలో 'మేనేజ్‌మెంట్ బై ఆబ్జెక్టివ్స్' అన్నాడు. మనకి సగమే చెప్తారు గానీ, ఆయన దానికి 'అండ్ సెల్ఫ్ కంట్రోల్' అని ఇంకో ముక్క తగిలించాడు. పని ఎలా నడుస్తోందో చెప్పే లెక్కలు ఆ పని చేసేవాడి చేతికే అందాలి, పైవాడి కర్రపెత్తనానికి కాదు అని ఆయన వాదన. తర్వాత ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ దాన్ని రెండు ప్రశ్నలకి కుదించాడు: ఎక్కడికెళ్ళాలి? దారిలోనే ఉన్నామని ఎలా తెలుస్తుంది? అవే ఆబ్జెక్టివ్, కీ రిజల్ట్స్. ఇది అప్రైజల్‌కి ఆధారంగా పట్టుకునే లీగల్ డాక్యుమెంట్ కాదని 1983లో 'హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్'లో స్పష్టంగానే రాశాడాయన. ఇంటెల్‌లో ఈ విద్య నేర్చిన జాన్ డోర్ 1999లో గూగుల్‌కి పట్టుకెళ్ళాడు. అక్కణ్ణుంచి అందరికీ అంటుకుంది. గ్రోవ్ వద్దన్న ముక్క మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది.

మరి ఆర్కైవ్ సంగతి? చెత్తబుట్ట బొమ్మ 1983లో యాపిల్ లీసాలోనే ఉంది. విండోస్ 95 దాన్ని రీసైకిల్ బిన్ పేరుతో ఇంటింటికీ తెచ్చింది. 2004లో జీమెయిల్ వచ్చి, పారెయ్యకు, అటకెక్కించు అని మనకి ఆర్కైవ్ బటన్ అలవాటు చేసింది. లోపల జరిగేది మామూలుగా చాలా చిన్న పని. డేటాబేసులో రికార్డు చెరపరు, ఒక ఫ్లాగ్ తిప్పుతారు. రిస్టోర్ అంటే దాన్ని మళ్ళీ వెనక్కి తిప్పడం. మనం రాసే కోడే కదా!

కానీ ఫ్లాగ్ తిప్పినంత మాత్రాన అన్నీ తిరిగిరావు. నా గోల్ వచ్చింది, పూర్తయిన శాతమూ వచ్చింది. అది వేలాడాల్సిన పై గోల్ మాత్రం ఇంకా అటక మీదే. ఓనర్ పేరు చోట వెళ్ళిపోయిన మేనేజరు. గడువు దాటిందని ఎర్ర రంగొకటి. చూసేవాళ్ళకి నేను పని ఎగ్గొట్టినట్టే ఉంది! కొత్త మేనేజరుకి గంటసేపు పాత మెయిళ్ళు చూపిస్తే గానీ నమ్మలేదు.

నాది నయం. మైక్రోసాఫ్ట్ 2021లో యాలీ.ఐఓని కొని, 2022లో వైవా గోల్స్‌గా మార్చి, 2025 డిసెంబరు 31తో దాన్ని మూసేసింది. ఇల్లే కూల్చేశాక అటక మీది సామానుకి రిస్టోర్ బటన్ ఎక్కడిది? ముందే ఎక్స్‌పోర్ట్ చేసుకున్నవాళ్ళకి దక్కిందే దక్కింది.

అందుకే ఇప్పుడు ప్రతి శుక్రవారం సాయంత్రం, ఆ వారం ఏం చేశానో నా నోట్‌బుక్కులో రెండు లైన్లు రాసుకుంటున్నా. డ్రక్కర్ చెప్పిన ఆ రెండో సగం ఇదేనేమో. మీ అటక మీద ఏమున్నాయో కూడా అప్రైజల్ ఫారం రాకముందే ఓసారి చూసుకోండి మరి!