మూగవస్తువుల సాక్ష్యము

'ఇంటిగుట్టు లంకకు చేటు' అను సామెత విభీషణుని కథనుండి పుట్టినది. కాని ఆ మాటయే ఎందఱో ఇల్లాండ్ర నోటికి తాళమైనది. దెబ్బలు తిన్న మనిషి నోరు విప్పలేనప్పుడు ఆ యింటి వస్తువులు ఆమె పక్షమున మాటలాడగలవా? నిశ్చల వస్తుచిత్రముల చరిత్రలో దీనికి సమాధాన మున్నది.

పారిస్ నగరమందలి లూవ్ర్ చిత్రశాలలో, ఫ్రెంచి చిత్రకారుడు గ్రూజ్ 1771 ప్రాంతమున రచించిన 'పగిలిన కూజా' అను పటమును చూడవచ్చును. దుస్తులు చెదరిన ఒక బాలిక. ఆమె చేతికి వ్రేలాడుచున్న పగిలిన కూజా. అది ఆమె కోల్పోయిన కన్యాత్వమునకు సంకేతమని విమర్శకు లందురు. పగులగొట్టినవాడు మాత్రము పటములో లేడు. కూజాతోపాటు నిందను గూడ ఆ పిల్లయే మోయుచున్నది.

ఛాయాచిత్రకళ వచ్చి ఈ సంకేతమును మలుపు త్రిప్పినది. ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ తాను 1844లో వెలువరింప నారంభించిన 'ద పెన్సిల్ ఆఫ్ నేచర్' గ్రంథమున, అరలలో పేర్చిన పింగాణి పాత్రల ఛాయాచిత్రము నొకదానిని చేర్చెను. ఆ పాత్రలను దొంగ యెత్తుకొనిపోయినచో ఈ చిత్రము న్యాయస్థానమున మూగసాక్ష్యము కాదా యని తర్కించెను. ఆయన తలచినది దొంగతనమును గూర్చియే. అయినను వస్తుచిత్రము నేరస్థుని వైపు వ్రేలు చూపగలదను భావము అందు స్పష్టముగా నున్నది.

మెక్సికో దేశమున సియుదాద్ హ్వారెస్ నగరములో 1993 నుండి అనేకమంది స్త్రీలు హత్యకు గురియైరి. భర్త చేతిలో సోదరిని పోగొట్టుకొన్న ఎలీనా చోవెత్ అను కళాకారిణి, 2009లో అక్కడి వీధిలో 33 జతల ఎఱ్ఱని పాదరక్షలను వరుసగా నిలిపినది. నిలిచిన పాదరక్షలు, నిలువని మనుషులు! ఆ దృశ్యము ఛాయాచిత్రములుగా దేశదేశములకు ప్రాకినది. ఇందు బాధితురాలి ముఖము లేదు. కావున ఆమెకు మఱల అవమానము లేదు. 'ఈమె ఏమాయెను? ఎవరు చేసిరి?' అను ప్రశ్న మాత్రము చూపరిని వదలదు.

మన దేశమున 2005లో చేయబడి, 2006 అక్టోబరు 26 నుండి అమలులోనికి వచ్చిన గృహహింస నిరోధక చట్టము, దెబ్బలనే కాక దూషణను, మనోవేదనను, చేతిలో కాసు లేకుండ చేయుటను గూడ హింసగనే పరిగణించినది. ఈ గాయములు ఒంటిమీద కానరావు. తాళము వేసిన బీరువా, ఎవరును తాకని అన్నపు కంచము వానిని చూపగలవు.

ఒక్క హెచ్చరిక మాత్రము చేయదలచితిమి. పగిలిన కుండ అతుకదు. మనిషి అట్లు కాదు. స్త్రీని కుండతో పోల్చుట గ్రూజ్ నాటి పొరపాటు. వస్తువును సాక్షిగా నిలుపుదము. ఆమెను వస్తువుగా చేయవలదు.