భయానకమునకు ముఖచిత్రము

నేను కేతేపల్లి వాడను. ముప్పది మూడేండ్లు బడిపంతులుగా పనిచేసి ఇంట కూర్చున్నవాడను. హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాచబాటపై నకిరేకల్లు దాటినవారు సూర్యాపేట చేరకమునుపే మా యూరిని చూచియుందురు. బాల్యమున అమరము, రఘువంశము వల్లించిన నేను, దయ్యపుటాటకు అట్టబొమ్మ యెట్లుండవలెనో చెప్పబూనుట మీకు నవ్వు తెప్పించునేమో. నవ్వుడు, కాని కొంచెము వినుడు.

మా చిన్నవాడు హైదరాబాదున ఇద్దరు మిత్రులతో కూడి, కంప్యూటరుపై ఆడు ఆట నొకదానిని మూడేండ్లుగా తయారుచేయుచున్నాడు. పాడుబడిన గడిలో ఒక రాత్రి చిక్కుకొన్న మనుష్యుని కథ అది. వారి వెనుక పెద్ద సంస్థ ఏదియు లేదు. దాచుకొన్న జీతములు పోయినవి; వాని తల్లి గాజులును అందులోనికే పోయినవి. ఇట్టి ఆటలను అమ్ము అంగడి తీగలమీదనే యున్నది. స్టీమ్ అని దాని పేరు. వాల్వ్ అను అమెరికా సంస్థ 2003లో దానిని తెరచినది. అందు వేలకొలది ఆటలు వరుసలు తీరియుండును. ఒక్కొక్కదానికి దక్కు చోటు అగ్గిపెట్టె మూతకు మించదు. చిన్న బొమ్మకు ఆ అంగడి విధించిన కొలత 462 చుక్కల వెడల్పు, 174 చుక్కల ఎత్తు. 2022 సెప్టెంబరు 1 నుండి ఆ బొమ్మమీద ఆట చిత్రము, పేరు, ఉపశీర్షిక తప్ప పొగడ్తలుగాని బహుమతుల ముద్రలుగాని ఉండరాదని నియమము కూడ పెట్టిరి. కావున కొనువాడు ఆగుటయో సాగిపోవుటయో ఆ బొమ్మమీదనే ఆధారపడియున్నది.

మావాడు తన బొమ్మను పంపి, "నాయినా, ఎట్లున్నదో చెప్పు" అని అడిగినాడు. తల విరబోసికొన్న ఒక ముసలమ్మ, నోట నెత్తురు, చేత నిమ్మకాయలు, వెనుక ఎర్రని మంట. చూడగానే నాకు చిరాకు కలిగినది. కారణము మాత్రము వెంటనే చెప్పలేకపోతిని. రెండు దినములు ఆలోచించి వ్రాసిన జాబే ఈ ప్రసంగమునకు మూలము.

భరతుడు నాట్యశాస్త్రము ఆరవ యధ్యాయమున రసములకు వర్ణములు చెప్పినాడు. రౌద్రము ఎరుపు, బీభత్సము నీలము, భయానకము నలుపు. నెత్తురును, ప్రేవులను చూపినచో పుట్టునది జుగుప్స. అది బీభత్సమునకు స్థాయి. మంటలును, కోరలును కోపమును తెలుపును, అది రౌద్రము. భయానకమునకు ఆ ముని చెప్పిన విభావములు వేరు: వికృతమైన ధ్వని, నక్క కూత, గుడ్లగూబ, శూన్యగృహము, అడవి. భూతదర్శనమును వానిలో ఒకటి యగును గాని, తక్కినవెల్ల భూతము రాకమునుపటి సంగతులే. మావాని బొమ్మలో రౌద్రము కలదు, బీభత్సము కలదు. భయము మాత్రము లేదు. వాడమ్మబూనినది దేనినో దానినే మరచినాడు.

పుస్తకములకు బొమ్మల యట్టలు వచ్చినది బహుకాలము క్రిందట కాదు. 1897లో బ్రామ్ స్టోకరు 'డ్రాకులా' వెలువడినప్పుడు దాని యట్ట పసుపుపచ్చని గుడ్డ, దానిపై ఎర్రని యక్షరములు, బొమ్మయే లేదు. 1901లో వచ్చిన చౌకవెల సంక్షిప్త ముద్రణకు మాత్రము బొమ్మ వేసిరి. అందు నెత్తురు లేదు. కోటగోడమీద ఒక మనుష్యుడు తలక్రిందుగా బల్లివలె దిగుచున్నాడు, అంతే. మనుష్యుడే, గోడయే, పొందిక మాత్రము లోకవిరుద్ధము. కథలోని వందల పుటలనుండి ఆ యొక్క ఘట్టమును ఏరుకొన్నవాడు తన పని తెలిసినవాడు.

మన భాషలో దీనికి సాటి వెదకినచో నాకు దొరకునది చందమామయే. 1947 జూలైలో మద్రాసున నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ఆ పత్రికను ప్రారంభించిరి. అందులోని బేతాళకథలకు శంకర్‌గారు వేసిన బొమ్మ మీకందరకు జ్ఞాపకముండును. ఆయన పూర్తి పేరు కె. సి. శివశంకరన్, 1924లో పుట్టి 2020లో దివంగతులైరి, మరణానంతరము 2021లో పద్మశ్రీ వచ్చినది. అది అట్టబొమ్మ కాదు, కథ మొదట వేయు బొమ్మ. అయినను అట్ట చేయవలసిన పని యంతయు అదియే చేసినది. రాజు, దూసిన కత్తి, భుజమున శవము, చుట్టును శ్మశానము. రాజు ముఖమున భయము లేదు. ఆ భయమును చూచువానికి వదలిపెట్టినారు. ఇంత రాత్రివేళ, ఇంత బరువుతో, ఈయన ఎక్కడికి పోవుచున్నాడని అడుగకుండ పుట త్రిప్పిన పిల్లవానిని నా కొలువులో నేను చూడలేదు. సోమదేవుని కథాసరిత్సాగరమున ఈ కథలు ఇరువదియైదే. చందమామలో అవి అయిపోయిన పిమ్మటకూడ క్రొత్తవి దశాబ్దములపాటు వచ్చుచునే యుండెను. ఆ పత్రిక ఆగిపోయినను ఆ బొమ్మను మరచినవారు లేరు.

తరువాత బస్సుస్టాండుల పుస్తకముల కాలము వచ్చినది. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరును మేమును దిండుక్రింద దాచుకొని చదివినవారమే. పండితుల యిండ్లలో ఇది చెప్పుకొనరాదు. పిమ్మట ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్‌గారి 'తులసిదళం' వచ్చినది. తులసి యను చిన్నపిల్లపై చేతబడి జరుగు కథ. ఇండ్లలో ఆ వారపు సంచికకై తగవులాడుకొన్నారు. రంగనాయకమ్మగారు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అను పేర దానిపై విమర్శగ్రంథమే వ్రాసిరి. ఆ వాదములో తీర్పు చెప్పుట నా పని కాదు. ఆవిడకు కోపమేల వచ్చెనో మాత్రము మన జిల్లాలవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఏలయన, మన ప్రాంతమున చేతబడి, బాణామతి అనునవి పుస్తకములోని మాటలు కావు. ఆ నెపముతో ముసలివాండ్రను కొట్టి చంపిన వార్తలు పత్రికలలో ఎన్నిమార్లు చదువలేదు! నేను పనిచేసిన యొక యూరిలో ఒంటరి వితంతువు ఒకామె బడి ప్రక్కనే ఉండెడిది. ఒక పిల్లవానికి జ్వరము తగ్గలేదు. పేరు ఆమెపై పడినది. ఆమె ఇచ్చిన రేగుపండ్లను పిల్లలు నా కన్నులయెదుటనే పారవేసిరి. నేను పాఠము చెప్పుకొనుచు ఊరకుంటిని. కొన్నాళ్లకు ఆమె ఇల్లు విడిచి ఎటో పోయినది. మావాని బొమ్మలోని ముసలమ్మను చూడగానే నా చిరాకునకు అసలు కారణము ఇదియని ఆ రెండవనాటి రాత్రి తెలిసినది. వాడు గీసిన విరిసిన జుట్టు, నిమ్మకాయలు ఆమెకు లేవు; అయినను ఊరివారు ఆమెను చూచునప్పుడు వారి కంటికి కనబడినవి అవియే.

ఇది వ్రాసితిని. మావాడు మొదట తగవునకు వచ్చినాడు. "నాయినా, దయ్యమును చూపకుంటే దయ్యపుటాట అని ఎట్ల తెలుస్తది?" అన్నాడు. మంచి ప్రశ్నయే. నేను వానిని నల్లగొండ పక్కనున్న పానగల్లుకు తీసికొనిపోతిని. అక్కడి ఛాయాసోమేశ్వరాలయమున లింగము వెనుక గోడపై పగలంతయు ఒక నీడ నిలిచియుండును. సూర్యుడు కదలును; నీడ కదలదు. చుట్టును స్తంభములు చాలగలవు, కాని ఈ నీడ దేనిదో చూపుమన్న ఎవరికిని వెంటనే వ్రేలు పెట్టి చూపుటకు రాదు. కట్టినవారు భయపెట్టుటకు కట్టలేదు, నిజమే. మావాడు మాత్రము దాని యెదుట అరగంట నిలిచినాడు, నోట మాట లేదు.

పదిదినములకు క్రొత్త బొమ్మ వచ్చినది. అంతయు నలుపు. గడి తలుపు మూసియున్నది; తలుపు క్రిందినుండి సన్నని దీపపు వెలుగు; ఆ వెలుగులో ఇవతలి నేలపై ఒక మనుష్యుని నీడ. మనుష్యుడు లేడు. రెండు బొమ్మలను ఫోనులో పెట్టుకొని రాచబాట ప్రక్క చాయ హోటలుకు పోయి, చేయి చాచినంత దూరమునుండి తెలిసినవారికి చూపితిని. మొదటిదానిని చూచి "మంత్రగత్తె" అని మరల చాయ త్రాగసాగిరి. రెండవదానిని చూచి ఒక లారీ డ్రైవరు ఫోను నా చేతినుండి తీసికొని, "ఈ నీడ ఎవరిది సారూ?" అని అడిగినాడు.

ఒక్క లోపము మిగిలినది. ఆట పేరును వాడు అందమునకై సన్నని గీతలతో వ్రాసినాడు. ఆంగ్లాక్షరములకు అది చెల్లును. మన లిపికి చెల్లదు. అక్షరము క్రింద ఒత్తు, పైన గుడి, ప్రక్కన దీర్ఘము. అగ్గిపెట్టె మూతంత చోటున అవియన్నియు కలిసిపోయి నల్లని మరకయైనవి. హోటలులో ఆ పేరును ఒక్కరును చదువలేకపోయిరి. ఒత్తులను లావుగా వ్రాసి, వరుసల నడుమ ఎడము పెంచి మరల పంపుమని నిన్ననే జాబు వ్రాసితిని. ఆట ఇంకను అంగడి కెక్కలేదు.