ప్రశ్నల పద్దు

1876వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున గ్రంథపాలకుల మహాసభ జరిగెను. అందు వూస్టరు పట్టణ గ్రంథపాలకుడు శామ్యూల్ గ్రీన్, పుస్తకము చేతికిచ్చుటతో తమ విధి తీరదనియు, పాఠకుని సందేహమును దెలిసికొని తీర్పవలెననియు వాదించెను. మన రంగనాథన్ పండితుడు 1931లో వెలువరించిన పంచసూత్రములలో పాఠకుని కాలమును ఆదా చేయుమనునదియు నొకటి.

అయితే ఈ శ్రమకు లెక్క యెట్లు? ఎరువిచ్చిన పుస్తకములకు పద్దు కలదు. చెప్పిన సమాధానమునకు జాడ యుండదు. ప్రశ్న కొక గీత చొప్పున కాగితముపై గీయుట చిరకాలము సాగిన పద్ధతి. మంచినీళ్లెక్కడ నని యడిగినను ఒక గీతయే. మూడుదినములు వెదకి తీసిన శాసనపాఠమునకును ఒక గీతయే! మాగాణికిని మెట్టకును ఒకే శిస్తు కట్టినట్లున్నది.

2003లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున బెల్లా గెర్లిక్ ఒకటి మొదలు ఆరు వరకు గల కొలత నేర్పరచెను. రీడ్ స్కేలను నీ కొలత, సమాధానమునకు పట్టిన ప్రయాసను, విద్యను లెక్కించును. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున రూపొందిన లిబ్‌స్టాట్స్ అను సాఫ్ట్‌వేరు ప్రశ్నను, వేళను, సమాధానమును భద్రపరచి, అట్టి ప్రశ్నయే మరల వచ్చినపుడు పాత సమాధానమును వెదకుటకు వీలు కల్పించెను.

ఇట్టి సాఫ్ట్‌వేరు నెన్నుకొనువారు రంగుపటములకు మురియరాదు. నమోదునకు నిమిషము మించినచో రద్దీవేళ నెవరును వ్రాయరు. సాయంకాలము ఊహించి వ్రాసిన లెక్క లెక్క గాదు. అడిగినవారి పేరునకు గడి యుండనే కూడదు. వ్యాధినిగూర్చియో అప్పుదావానుగూర్చియో తెలిసికొనవచ్చినవాడు తన పేరు పద్దున కెక్కునని యెరిగినచో అడుగకయే మరలిపోవును.