దశపుర సూర్యాలయము – పట్టునేతవారు చెక్కించిన జీవితము



ఈ సంచిక చివరి పుటలలో జీర్ణోద్ధరణకు ద్రవ్యసహాయము చేసిన దాతల పట్టిక ఉన్నది. ఆ పట్టికను సిద్ధము చేయు పని నా వంతునకు వచ్చినది. పేరు, ఊరు, గోత్రము, వృత్తి, సమర్పించిన మొత్తము అని అయిదు గడులు గీసి పత్రములు పంచినాము. వృత్తి అన్న గడిలో కొందరు విశ్రాంత ఉపాధ్యాయులని, కొందరు వ్యాపారమని, కొందరు విదేశములలో ఇంజనీర్లమని వ్రాసినారు. చాలామంది ఆ గడిని ఖాళీగా వదలిపెట్టినారు. పంచె కొంగున ముడి వేసుకొని సొమ్ము తెచ్చిన ఒక వృద్ధుని నేనే అడిగితిని. "మగ్గం నేసేవాణ్ణి అయ్యా. ఇప్పుడు నేయడం లేదు. కొడుకులు కూడా నేయరు. లేని పనిని ఏమని రాయిస్తాను? వదిలెయ్యండి" అని ఆయన వెళ్ళిపోయినారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. ఒకప్పుడు చేసి ఇప్పుడు మానిన పని మనది కాకుండా పోవునా? ఇదే ప్రశ్నకు దాదాపు పదిహేను వందల యాభై సంవత్సరముల క్రిందట ఒక ఆలయ జీర్ణోద్ధరణ సందర్భముననే సమాధానము చెప్పినవారున్నారు. వారు కూడ నేతవారే. అందుచేత వారి కథను ఈ సంచికలో మీ ముందుంచుట సముచితమని భావించినాను.

మధ్యప్రదేశ్ రాష్ట్రములో, మాళవ ప్రాంతమున, శివనా నది ఒడ్డున మందసౌర్ అను పట్టణమున్నది. పూర్వము దాని పేరు దశపురము. అక్కడ మహాదేవ ఘట్టము వద్ద మెట్ల దాపున గోడలో ఒక శిలాఫలకము దొరికినది. ఇరువది నాలుగు పంక్తులలో నలుబది నాలుగు సంస్కృత శ్లోకములు దానిపై చెక్కబడి యున్నవి. గుప్తరాజుల శాసనములను సంపుటముగా కూర్చి 1888లో ప్రకటించిన ఫ్లీట్ అను ఆంగ్ల పండితుడు దీనిని కూడ అందులో చేర్చినాడు. శ్లోకములను కూర్చిన కవి వత్సభట్టి. వ్రాయించినది రాజు కాదు, మంత్రి కాదు. పట్టునేతవారి శ్రేణి.

శ్రేణి అనగా ఒకే వృత్తి వారి సంఘము. నేడు మనము చూచు సంఘముల వలె సంవత్సరమునకొకమారు సమావేశమై విడిపోవునది కాదు. పనికి కట్టుబాట్లు చేసుకొనుట, ధర్మకార్యములకు శాశ్వతనిధులు స్వీకరించి వాటిని నడుపుట కూడ శ్రేణుల బాధ్యతయే. ఇంచుమించు అదే కాలమున, స్కందగుప్తుని పాలనలో, క్రీ.శ. 465 ప్రాంతమున, ఉత్తరదేశములోని ఇంద్రపురమున దేవవిష్ణువను బ్రాహ్మణుడు సూర్యదేవుని దీపమునకై నూనెగానుగ వారి శ్రేణి వద్ద నిధి ఉంచినాడు. ఆ తామ్రశాసనములో ఒక షరతు కలదు. శ్రేణి ఐకమత్యముతో ఉన్నంతకాలము, ఊరు విడిచి వేరొకచోటికి తరలిపోయినను, దీపమునకు నూనె ఇచ్చుచునే ఉండవలెను. గానుగవారి మాటపై అంతటి నమ్మకము! అఖండ దీపారాధనకు నిధి సమర్పించిన మన దాతలకు ఈ షరతు విలువ నేను వేరుగా చెప్పనక్కరలేదు.

మరల దశపురమునకు వత్తము. ఈ నేతవారు ఆ ఊరివారు కారు. లాటదేశమునుండి, అనగా నేటి గుజరాతులో సూరతు, భరూచి పట్టణములున్న దక్షిణ భాగమునుండి వలస వచ్చినవారు. దశపుర పాలకుల గుణములు విని, మొదట మనసుతోను, తరువాత బిడ్డలతో బంధువులతో స్వయముగాను వచ్చితిమని, దారిలో పడిన కష్టములను లెక్కచేయలేదని శాసనము చెప్పుచున్నది. వలస వెళ్ళిన ప్రతి కుటుంబమునకు ఈ మాట తెలిసినదే.

వచ్చినవారు స్థిరపడినారు. సంపాదించినారు. ఆ ధనముతో సూర్యభగవానునికి ఉన్నతమైన ఆలయము కట్టించినారు. అప్పుడు చక్రవర్తి మొదటి కుమారగుప్తుడు. దశపురమును ఏలుచున్నవాడు విశ్వవర్మ కుమారుడు బంధువర్మ. మాళవగణ సంవత్సరములు 493 గడచిన తరువాత పుష్యమాస శుక్ల త్రయోదశి నాడు ప్రతిష్ఠ జరిగినది. క్రీస్తు శకమున అది 436–437 ప్రాంతము. చలికాలము కనుక కవి హేమంత వర్ణన కూడ చేసినాడు.

కాలము గడచినది, పాలకులు మారినారు. ఆలయములో ఒక భాగము శిథిలమైనది. అదే శ్రేణి మరల పూనుకొని దానినంతటిని బాగు చేయించినది. అప్పటికి మాళవ సంవత్సరములు 529. ఫాల్గుణ శుక్ల విదియ, వసంతారంభము. అనగా మొదటి ప్రతిష్ఠకు ముప్పది ఆరు సంవత్సరముల తరువాత. తండ్రులు కట్టినది కొడుకులు నిలబెట్టినారన్నమాట. ఈ రెండవ సందర్భముననే శాసనము వ్రాయించినారు.

ఇప్పుడు అసలు విషయము. ఆ ముప్పది ఆరు సంవత్సరములలో నేతవారందరు నేతవారుగానే మిగిలిపోలేదు. ఆ సంగతిని వారు దాచుకొనలేదు. మాలో కొందరు విలువిద్య నేర్చినారు, కొందరు చిత్రవిచిత్రమైన కథలు చెప్పుటలో ఆరితేరినారు, కొందరు ధర్మప్రసంగములలో మునిగియున్నారు, కొందరు జ్యోతిషము నేర్చినారు, కొందరు యుద్ధములలో శత్రువులను ఎదిరించిన శూరులు అని వరుసగా చెప్పించినారు. ఆ వరుస నడుమనే, స్వంత పనిలో మిన్నయైనవారు కూడ ఉన్నారని చెప్పించినారు. మగ్గము విడిచినవానిని శ్రేణి వెలివేయలేదు. మగ్గమును నమ్ముకొన్నవానిని వెనుకబడినవానిగా చూడలేదు. జ్యోతిష్కుడు, విలుకాడు, కథకుడు, అందరు కలసి పట్టునేతవారి శ్రేణి అన్న ఒక్క పేరు క్రిందనే ఆలయమును పునరుద్ధరించినారు.

తమ సరకును గూర్చి కూడ వారు మొగమాటపడలేదు. ఎంత యౌవనము, సౌందర్యము ఉన్నను, హారములు, పువ్వులు, తాంబూలము అమరినను పట్టువస్త్రము లేనిదే స్త్రీ అలంకారము పూర్తి కాదన్న భావముతో ఒక శ్లోకమే ఉన్నది. దేవాలయ శాసనములో సరకు ప్రశంసయా అని నవ్వుకొనువారు నవ్వుకొనవచ్చును. నాకు మాత్రము అందులో, తాను నేసిన చీరను వెలుతురులో విప్పి చూపు నేతగాని ముఖము కనబడును.

మరియొక విశేషము. రాజుల పేర్లున్నవి, కవి పేరున్నది. నేతవారిలో ఒక్కరి పేరు కూడ ఈ శాసనములో లేదు. ఎవరు ఎంత ఇచ్చినారో లేదు. ఏ పనులు చేసి బ్రతికినారో అది మాత్రమున్నది. పేర్లు పోయి వృత్తి నిలచినది.

మన అమరావతిలో పద్ధతి వేరు. అక్కడి స్తూపమునకు పూర్ణఘటము చెక్కిన ఫలకమును సమర్పించిన విధికుడు తన పేరుతోపాటు తాను చర్మకారుడనని చెప్పుకొన్నాడు. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడని కూడ చెప్పి, తల్లిని, భార్యను, సోదరులను, బిడ్డలను పుణ్యములో భాగస్వాములను చేసినాడు. తండ్రిది ఒక పని, కొడుకుది ఒక పని. రెండును ఒకే రాతిపై ఉన్నవి. కృష్ణాతీరమున రెండు వేల యేండ్ల నాడు చర్మకారుడు నిస్సంకోచముగా చెక్కించుకొన్న మాటను, నేడు మన పత్రములో వ్రాయుటకు కొందరు జంకుచున్నారన్న సంగతి నాకు బాధ కలిగించినది. ఆ జంకునకు కారణము వారు కారు. వ్రాసినచో ఎవరు ఎట్లు చూచెదరో అన్న భయము కారణము. ఆ చూపు మనది.

వలసల త్రోవ ఎంత చిత్రమైనదో చూడుడు. లాటదేశపు నేతవారు మాళవమునకు తరలినారు. తరువాతి కాలమున మన తెలంగాణ జిల్లాలనుండి పద్మశాలి కుటుంబములు షోలాపూరునకు, భివండికి, ఆ లాటదేశమైన సూరతుకే మగ్గముల పనికి వెళ్ళినవి. షోలాపూరులో స్థిరపడినవారు తమ మూలపురుషుడైన మార్కండేయ మహర్షికి అక్కడ ఆలయము కట్టుకొన్నారు. నేడు ఆ కుటుంబముల పిల్లలలో వైద్యులున్నారు, లెక్కల నిపుణులున్నారు. ఆలయములో ఉత్సవము జరుగునప్పుడు అందరు ఒకచోట చేరుదురు.

దశపురపు శ్రేణి శాసనాంతమున, శివుని జటలో చంద్రకళ ఉన్నంతకాలము తమ ఆలయము నిలువవలెనని కోరుకొన్నది. ఫలకము దొరికినది మాత్రము నదీఘట్టపు మెట్ల దగ్గర.

మన ఆలయ దాతల శిలాఫలకమును ముఖమండపము దక్షిణపు గోడకు అమర్చుటకు నిశ్చయించినాము. మండలాభిషేకము పూర్తియైన పిదపగాని చెక్కుట మొదలు పెట్టరు. పత్రములో వృత్తి గడిని ఖాళీగా వదలినవారు, చేయుచున్న పనియైనను, ఒకప్పుడు చేసిన పనియైనను, తండ్రితాతలు చేసిన పనియైనను, ఆ లోగా ఆలయ కార్యాలయములో తెలుపగలరు. పంచె కొంగున సొమ్ము తెచ్చిన ఆ పెద్దాయన ఇంటికి ఈ ప్రతిని నేనే స్వయముగా తీసికొని వెళ్ళుచున్నాను. ఆయన పేరు ప్రక్కన గడిని ఇంకను ఖాళీగానే ఉంచితిని.