మంచు కోసి చూపిన పాత మంచు

అంటార్కిటికాను అడ్డంగా చీల్చే పర్వతాల్లో క్వీన్ అలెగ్జాండ్రా శ్రేణి ఒకటి. అందులోని పగోడా శిఖరం వాయవ్యపు వాలు మీంచి జారే మంచు ఉత్తరంగా సాగి, లెన్నాక్స్-కింగ్ హిమానీనదంలో కలిసిపోతుంది. ఆ చిన్న పాయ పేరు టిల్లైట్ హిమానీనదం. శ్రేణికి అటువైపున్న మహా బియర్డ్‌మోర్ హిమానీనదం పేరు చాలామంది విన్నారు గానీ దీని పేరు విన్నవారు తక్కువ. భూచరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి మాత్రం ఇది గొప్ప చోటు.

కథ మొదలైంది బియర్డ్‌మోర్ వైపే. 1908 డిసెంబరులో షాకిల్టన్ బృందం దాని మీదుగా పైకెక్కింది. ఎగువన ఫ్రాంక్ వైల్డ్ బొగ్గు పొరలు చూశాడు. 1912 ఫిబ్రవరిలో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తున్న స్కాట్ బృందం అక్కడే ఆగింది. బృందంలోని విల్సన్ శిలాజాలు ఏరాడు. ఆకలితో, అలసటతో కూలిపోతూ కూడా వాళ్ళు ఆ పదహారు కిలోల రాళ్ళను వదిలిపెట్టలేదు. వాటిలో గ్లోసాప్టెరిస్ అనే ప్రాచీన మొక్క ఆకు ముద్ర ఉందని 1914లో వృక్షశాస్త్రజ్ఞుడు సీవర్డ్ తేల్చాడు. మన సింగరేణి బొగ్గు కూడా ఆ మొక్కలు పెరిగిన కాలానిదే.

మరి బొగ్గు కింద ఏముంది? ఈ ప్రశ్న భారతదేశంలో అప్పటికే పాతది. ఒడిశాలోని తాల్చేరులో బొగ్గు పొరల అడుగున బండరాళ్ళు కలిసిన మట్టిపొరను చూసి, దాన్ని మంచే తెచ్చి ఉంటుందని 1856లో బ్లాన్‌ఫర్డ్ సోదరులు అన్నారు. ఇంత ఎండల దేశంలో మంచా అని సందేహించినవారికి 1875లో భూవిజ్ఞాని ఫెడెన్ నుంచి జవాబు దొరికింది. చాందా దగ్గర, మన ఆదిలాబాద్ సరిహద్దును ఒరుసుకుని వచ్చే పెన్‌గంగ ఒడ్డున, ఇరాయి వద్ద సున్నపురాతి మీద మంచు గీసిన సమాంతరపు గాట్లను అతను వివరించాడు.

అలాంటి సాక్ష్యమే 1961-62లో న్యూజిలాండ్ భూవిజ్ఞాన యాత్రకు మొదట చెప్పిన ఆ చిన్న పాయ దగ్గర దొరికింది. ప్రవహించే నీళ్ళు బరువును బట్టి రాళ్ళనూ ఇసుకనూ వేరు చేస్తాయి. మంచుకు ఆ పట్టింపు లేదు. మెత్తటి బూడిదరంగు బురదనూ, గులకరాళ్ళనూ, పెద్ద గుండ్లనూ కలిపి ఒకేచోట దించిపోతుంది. ఈడ్చుకొచ్చిన గుండ్లలో కొన్నిటికి ఒక ముఖం నున్నగా అరిగి, దాని మీద గీతలు పడి ఉంటాయి. ఆ కలగాపులగం గట్టిపడి రాయైతే దాన్నే టిల్లైట్ అంటారు. సుమారు 30 కోట్ల ఏళ్ళనాటి ఆ రాయిని ఇక్కడ చూసినందుకే యాత్రికులు హిమానీనదానికి ఆ పేరు పెట్టారు. 1963లో జార్జ్ గ్రిండ్లీ ఆ పొరలను పగోడా పేరుతో శాస్త్రానికి పరిచయం చేశాడు.

నన్ను కట్టిపడేసేది ఇదే: నేటి మంచు కొండను కోస్తూ పోతే, అంతకుముందెన్నడో కరిగిపోయిన మంచు వదిలిన బురద బయటపడింది. ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవన్న వాదానికి, భారతదేశంలోనూ అంటార్కిటికాలోనూ దొరికిన ఇలాంటి పొరలు పెద్ద బలమయ్యాయి.

అలా కలిసి ఉన్న దక్షిణ మహాఖండం గోండ్వానా అంతటా ఆనాడు ఒకే మహా మంచుదుప్పటి పరుచుకుని ఉండేదని చాలాకాలం నమ్మారు. జాన్ ఇస్బెల్ వంటి పరిశోధకులు పగోడా పొరలను మళ్ళీ పరిశీలించి, వాటిలో కొంత భాగం నిలవనీటి అడుగున పేరుకుందనీ, మంచు ఒక్కటిగా కాక వేర్వేరు కేంద్రాల నుంచి పాకిందనీ వాదించారు. నాకు ఈ వాదమే ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది.