గ్రీలీ బృందాన్ని మరిచిన కాగితాలు

1882 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ధ్రువ ప్రాంతాల్లో ఒకే పద్ధతిలో వాతావరణాన్నీ భూ అయస్కాంతత్వాన్నీ కొలవాలని 11 దేశాలు ఒప్పుకున్నాయి. ధ్రువాన్ని ముందుగా ఎవరు చేరతారన్న పోటీ కట్టిపెట్టి కలిసి కొలతలు తీద్దామని పట్టుబట్టిన ఆస్ట్రియా నౌకాదళ అధికారి కార్ల్ వైప్రెక్ట్, ఆ ఏడాది మొదలవకముందే 1881లో కన్నుమూశాడు. నెలకు రెండు రోజులు, 1న, 15న, స్టేషన్లన్నీ జర్మనీలోని గోటింగెన్ టైము ప్రకారమే అయస్కాంతపు సూదిని చూసి రాసుకోవాలి. సూది విషయంలో ఇంత పట్టింపు ఉండగా, అమెరికా సైన్యపు సిగ్నల్ సర్వీసు తన మనుషులను వెనక్కి తెచ్చుకునే విషయంలో ఆ శ్రద్ధ చూపలేదు. ఈ కొలతల కోసమే ఎల్స్‌మియర్ దీవిలోని లేడీ ఫ్రాంక్లిన్ బేకి 1881లో లెఫ్టినెంట్ అడాల్ఫస్ గ్రీలీతో సహా 25 మంది వెళ్తే, ప్రాణాలతో ఇల్లు చేరింది ఆరుగురే. ఈ చావులకు మంచు ఎంత కారణమో ఆఫీసు రాతలూ అంత కారణమని నా వాదన.

1882లో వాళ్ల కోసం నెప్ట్యూన్ ఓడ సరుకులతో బయల్దేరింది, మంచు దారివ్వలేదు. అందులో మంచు తప్పే తప్ప మనిషి తప్పు లేదు. కానీ చేరలేకపోతే దారిలో కేప్ సబీన్ దగ్గర 250, లిటిల్టన్ దీవి దగ్గర 250 రేషన్లు మాత్రమే దించి మిగతాది వెనక్కి తెమ్మని ఆదేశం. అంటే 25 మందికి ఒక్కోచోట పది రోజుల తిండి. ఓడ అక్షరాలా అలాగే చేసి, నిండా సరుకుతో తిరిగొచ్చింది. దారిలో సరుకు దాచే ఏర్పాటు చాలావరకు గ్రీలీ తానే రాసి పంపిన ఉత్తరాన్ని బట్టి చేసిందేనని ఆఫీసు పక్షాన చెప్పవచ్చు, అది నిజమే. అయితే 1881లో రాసిన మాటను 1882 మంచు చూశాక సవరించే అధికారం ఓడలో ఎవరికీ లేకుండా చేసింది ఎవరు? మరుసటి ఏడాది పంపిన ప్రోటియస్ ఓడ విషయంలో గందరగోళం ఇంకా ముదిరింది. ముందు లిటిల్టన్ దీవిలో సరుకు దించమని చెప్పే సంతకం లేని కాగితం ఒకటి ఆ సహాయయాత్రకు నాయకుడైన లెఫ్టినెంట్ గార్లింగ్టన్‌కిచ్చిన కాగితాల్లో ఉంది. అసలు ఆదేశాలతో అది పొసగలేదు. ఆయన దించలేదు. జులై 23న మంచు ఓడను నలిపేసింది, సరుకులో చాలాభాగం దాంతోపాటే మునిగింది.

ఇక గ్రీలీ తన శిబిరం ఫోర్ట్ కాంగర్‌ను వదలకుండా ఉండాల్సిందనే వాదన ఒకటుంది. అక్కడ తిండి ఇంకా మిగిలి ఉందన్నది వాస్తవం. 1899లో ధ్రువ యాత్రికుడు పియరీ అక్కడికి చేరినప్పుడు కూడా దొరికింది. అయినా ఓడ రాకపోతే 1883 సెప్టెంబరు 1లోగా దక్షిణానికి కదలమని ఆయనకున్న రాతపూర్వక ఆజ్ఞ. సైనికుడు ఆగస్టులోనే కదిలాడు, దారిలో సరుకులుంటాయని నమ్మి. కొలతల నకళ్లనూ, గురుత్వాకర్షణ కొలిచే లోలకాన్నీ కూడా వదలకుండా మోసుకెళ్లారు.

అదే సర్వీసు అలాస్కాలోని పాయింట్ బారోకు పంపిన బృందం క్షేమంగా తిరిగొచ్చింది కదా అంటే, అక్కడికి ఏటా తిమింగలాల వేట ఓడలు వచ్చిపోయేవి. ఆఫీసు ప్లాను తప్పినా కాచుకునే దారి ఉంది. గ్రీలీకి కాగితమే దారి. అలాంటి చోటుకు పంపేటప్పుడు మొదటి ప్లాను విఫలమైతే ఏం చేయాలన్నదే ఆదేశంలో అన్నిటికంటే విపులంగా ఉండాలి. చేయగలిగిన పనే అని 1884లో తేలింది కూడా: అమెరికా కాంగ్రెస్ డబ్బుకు వెనకాడలేదు, బ్రిటన్ అలర్ట్ ఓడనిచ్చింది, ముందు కాపాడిన ప్రైవేటు ఓడకు 25,000 డాలర్ల బహుమతి ప్రకటించారు. జూన్ 22న రక్షణ ఓడలు కేప్ సబీన్ చేరేసరికి గ్రీలీ బృందంలో ఏడుగురు బతికున్నారు. వారిలో ఒకరు తిరుగుదారిలో పోయారు.