సరళవృక్షపు కాయ



మన దేవాలయ గోపురములపై రావిమొక్క మొలచుట మీరందరు నెరిగినదే. దాని నెవ్వరును నాటలేదు. పండు దిన్న కాకి విత్తనము నచ్చట విడిచినది. జిల్లేడు విత్తనమునకు కాకితో పనిలేదు. దాని దూదిపోగులే దానిని పొలములు దాటించును. విత్తనపు రూపము చూచి అది యే వాహనము నెక్కి పయనించునో చెప్పవచ్చును. ఈ సంగతినే హిమవత్పర్వతమునందలి సరళవృక్షముల విషయమున నేడు మనవి చేయదలచితిని.

సరళమనగా ఇంగ్లీషువారు పైన్ అనెడి చెట్టు. దేవదారువునకు బంధువే కాని దేవదారువు కాదు. మన పూర్వుల కిది క్రొత్తదియు కాదు. ఏనుగుల యొరపిడికి సరళముల నుండి పాలు కారి కొండచరియలు పరిమళించుటను కాళిదాసు కుమారసంభవమున వర్ణించెను. గాలికి సరళపు బోదెలు రాచుకొని కార్చిచ్చు పుట్టుటను మేఘసందేశమున సూచించెను. ఆ కావ్యములకు వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మెదకు సీమలోని కొల్చారము వాడని ప్రసిద్ధి.

పాశ్చాత్యశాస్త్రమున ఈ చెట్టునకు పేరిడిన కథలోను మన దేశమునకు పాలు కలదు. విలియం రాక్స్‌బరో అను స్కాట్లండు వైద్యుడు 1781 మొదలు సామర్లకోటలో నుండి, తోటలు పెంచి, కోరమండల తీరపు మొక్కలను వర్ణించి చిత్రములు వ్రాయించెను. 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధికారియై పోయెను. హిమాలయపు సరళమునకు 'దీర్ఘపత్రము' అను నర్థము గల లాటిన్ నామము నాతడే యిచ్చెను. ఆ పేరు అంతకు పూర్వమే వేరొక అమెరికా చెట్టునకు చెల్లియుండుటచే, 1897లో సార్జెంటు అను అమెరికా పండితుడు దీనికి రాక్స్‌బరో పేరనే నామకరణము చేసెను. కొండప్రజలు మాత్రము దీనిని చీర్ అనియే పిలుతురు.

ఇక కాయ సంగతి. సరళమునకు మామిడివలె పూవును పండును లేవు. కొయ్యవంటి పొలుసులు ఒకదానిపై నొకటి చుట్లుగా నమరిన శంకువు కలదు. ఒక్కొక్క పొలుసుపై రెండేసి విత్తనములు కప్పులేక కూర్చుండును. బదరీయాత్ర చేసి వచ్చిన మా బంధువొకరు చాల యేండ్ల క్రిందట నాకొక చీర్ శంకువును తెచ్చియిచ్చిరి. అది నేటికిని నా బల్లపై నున్నది. ముసురు పట్టినపుడు పొలుసులు ముడుచుకొనును; ఎండ కాసినపుడు విచ్చుకొనును. చెట్టునుండి వేరుపడి, ప్రాణము పోయి, ఇన్నియేండ్లైనను ఈ నడత మానలేదు. కారణము సులభము. పొలుసు వెలుపలి పొర తేమను పీల్చి లోపలి పొరకంటె నెక్కువగా సాగును. అప్పుడు పొలుసు లోనికి వంగి మూతపడును. ఆరినపుడు వెలుపలి పొర కుదించుకొనును. పొలుసు బయటికి వంగి తెరచుకొనును. తడిగాలిలో రెక్కల విత్తనము ఎగురలేదు. పొడిగాలి వీచినపుడే తలుపు తెరచుటలో గల లాభము మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మూడు చెట్లను మూడు సీమలలో చూతము. చీర్ వృక్షము హిమాలయపు దిగువ చరియలలో, వేసవి తీవ్రముగను వర్షాకాలము ధారాళముగను ఉండుచోట పెరుగును. దాని శంకువు గట్టిది, పొలుసులు దళసరివి. పండుటకు రెండేండ్లు పట్టును. చైత్రవైశాఖముల యెండకు విచ్చుకొని, రెక్కగల విత్తనములను గాలికి విడుచును. పిమ్మట నైరృతి వానలు రాగానే అవి మొలకెత్తును. మన రైతు తొలకరికి ముందు దుక్కి సిద్ధపరచుకొనునట్లే ఈ చెట్టును తన కాలము నెరిగియున్నది.

దానికి పైయెత్తున, చలిసీమలో, కైల్ అను మరియొక సరళము కలదు. దాని శంకువు సన్నగా, పొడవుగా, జేనెడుకు పైబడి, కొమ్మ చివర వ్రేలాడును. పొలుసులు పలుచనివి. ఇది శరదృతువున విచ్చును. మూడవది చిల్గోజా. ఇది కొండల వెనుక, నైరృతి మేఘములు చేరజాలని కిన్నౌరు మొదలగు పొడిలోయలలో పెరుగును. అచట నేలకు తేమ నిచ్చునది ప్రధానముగ మంచు. అట్టి రాతినేలలో చిన్న విత్తనము మొలచినను వేరు లోతునకు దిగకమునుపే ఎండిపోవును. చిల్గోజా విత్తనమో, దాదాపు అంగుళము పొడవు గలిగి, నూనెతోను పిండితోను నిండి, మొలకకు దారిబత్తెము కట్టియిచ్చినట్లుండును. కాని యింత బరువును గాలి మోయజాలదు. కనుక రెక్క పేరునకు మాత్రమే మిగిలినది. పక్షులును జంతువులును దీనికి వాహనములు. అవి దాచుకొని మరచిన గింజలే మొక్కలగును.

ఇది చెట్టు ఆలోచించి చేసిన పని కాదు. వేలకొలది తరములలో సీమకు తగిన విత్తనములే నిలిచినవి, తగనివి నశించినవి. శీతోష్ణస్థితియు భూస్వభావమును ఇట్లు కాయపై తమ ముద్ర వేసినవి.

నిప్పు సైతము ఇట్టి ముద్ర వేయగలదు. ఉత్తర అమెరికాలో లాడ్జిపోలు అను సరళము కలదు. కార్చిచ్చులు తరచుగ వచ్చుచోట్ల దాని శంకువులు పెక్కు జిగురుతో అతుకుకొని ఏండ్ల తరబడి మూసియే యుండును. మంటవేడికి జిగురు కరగి శంకువు విచ్చుకొనును; బూడిదనేలపై విత్తనములు రాలును. 1988లో ఎల్లోస్టోను అను సంరక్షిత వనమున సుమారు 8 లక్షల యెకరములలో మంటలు చెలరేగినవి. వనము నశించెనని పలువురు విలపించిరి. కాని మూసిన శంకువు లెక్కువగా నున్న తావులలో కొద్దియేండ్లకే పిల్లమొక్కలు దట్టముగ లేచినవి.

నిప్పును గూర్చి మన హిమాలయమునను ఒక చరిత్ర కలదు. కుమావూను పల్లెజనులు లేతగడ్డి మొలచుటకై చీర్ అడవులలో రాలిన యాకులను తగులబెట్టుట పూర్వాచారము. 1911 మొదలు 1917 వరకు దొరతనమువారు అడవులను రక్షితములుగ చేసి, గ్రామస్థుల హక్కులను కుదించి, నిప్పు పెట్టుటను నిషేధించిరి. 1921 వేసవిలో ఆగ్రహము మంటలై చీర్ అడవుల నావరించెను. ఆ యేడే విచారణసంఘము నియమింపబడెను. 1931లో వనపంచాయతుల నిబంధనలు వచ్చి, గ్రామస్థులకే తమ యడవుల పాలనలో కొంత భాగము లభించెను. అడవిని అనుభవించువారిని త్రోసిపుచ్చి అడవిని కాపాడుట సాధ్యము కాదని ఆ మంటలు నేర్పినవి.

ఇక చిల్గోజాకు వచ్చిన కష్టము వేరు. దాని పప్పు రుచికరము, విలువ గొప్పది. కిన్నౌరు పల్లెలకు అది నగదుపంట. శంకువు విచ్చుకొన్నచో గింజలు రాలిపోవునని, పచ్చిగా నున్నపుడే కోసి, కుప్పపోసి, ఆరిన పిమ్మట గింజలు తీయుదురు. ధర పెరిగినకొలది చెట్టున మిగులు శంకువులు తగ్గినవి. కొమ్మలు విరుగుటయు కలదు. పెద్దచెట్లు పచ్చగా నిలిచియున్నను వాని క్రింద పిల్లమొక్కలు అరుదైనవి. మనుమలు లేని యింట తాతలు మాత్రము మిగిలినట్లు ఆ వనములున్నవి.

పంట యంతయు అమ్ముకొని విత్తుగింజలు కూడ వండుకొను రైతు మన యూళ్లలో లేడు. కరవునాడు సైతము గాదెలో విత్తనపు మూట వేరుగ నుండును. చిల్గోజాకును ఆ న్యాయమే వర్తించును. ప్రతి కోతయందును కొన్ని శంకువులను చెట్టుననే విడువవలెను. ఏ చెట్లను విడువవలయునో, ఎంత కోయవలయునో నిర్ణయింపగలవారు ఆ గ్రామపు పెద్దలే. కొనువాడు దూరదేశమున నుండును. చెట్టు క్రింద మొక్క లేదని మొదట కనిపెట్టునది ఆ చెట్టునీడన పెరిగినవాడే.

పొడినేలయు మంచును వేలయేండ్లకు చిల్గోజా విత్తనమునకు దారిబత్తెమును కూర్చినవి. ఆ బత్తెమును మనము దారిలోనే కాజేసినచో బాటసారి గమ్యము చేరడు. మన చింతతోపులకును, ఇప్పచెట్లకును, చెరువుగట్టు తాళ్లకును ఈ మాట చెల్లునో లేదో, వాని క్రింద పిల్లమొక్కలున్నవో లేవో, రేపు పొలము పోవునపుడు ఒక్కమారు వంగి చూడవలసినదిగ ప్రార్థించుచున్నాను.